కంప్యూటరు పుస్తకాలూ, ఉద్దానం పట్టికలూ

మన సంఘం సమావేశాల్లో భోజనాల దగ్గర ఈ మధ్య తరచు వినబడే ప్రశ్న ఒకటుంది. "డేటాబేసులు నేర్చుకోవాలంటే ఏ పుస్తకం కొనమంటారు? వెబ్ ప్రోగ్రామింగుకు ఏది మంచిది?" అడిగేవారిలో భర్త ఉద్యోగం వెంట ఇంగ్లండు వచ్చి కొత్తగా పని వెతుక్కుంటున్న అమ్మాయిలున్నారు, ఎ లెవెల్స్ చదివే పిల్లల తండ్రులున్నారు, రిటైరవబోతూ ఏదో ఒకటి నేర్చుకుందామనే పెద్దలూ ఉన్నారు. ఇంతమంది కంప్యూటరు ఇంజనీర్లున్న సంఘంలో ఈ ప్రశ్న డాక్టర్లమైన మా దగ్గరికెందుకు వస్తోందంటే, మూడేళ్ళుగా మేమిద్దరం ఈ పుస్తకాలు కొంటూ, చదువుతూ, కొన్నిటిని మళ్ళీ అమ్మేస్తూ గడిపామని అందరికీ తెలిసిపోయింది గనుక. ఇంజనీర్లనడిగితే "ఈ రోజుల్లో పుస్తకాలెవరు చదువుతారండీ" అని నవ్వేస్తున్నారట. అందుచేత మాకు తోచిన నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాం. విజ్ఞులైన ఇంజనీరు మిత్రులు మన్నించగలరు.

మేమిద్దరం అంటే భార్యాభర్తలం. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్. చదివి, ప్లాబ్ పరీక్ష రాసి ఇక్కడికి వచ్చినవాళ్ళం. ఒకరిది మూత్రపిండాల వార్డు, మరొకరిది జనరల్ మెడిసిన్. కంప్యూటరుతో మాకున్న పరిచయమల్లా రోగి పేరు కొట్టి రిపోర్టు చూసుకోవడమే. అటువంటివాళ్ళం రాత్రి డ్యూటీ దిగివచ్చి, నిద్రపోకుండా పట్టికల గురించి చదవడం ఎందుకు మొదలుపెట్టామో చెప్పాలంటే ఉద్దానం సంగతి చెప్పాలి.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలున్న కొబ్బరితోటల, జీడితోటల సీమను ఉద్దానం అంటారు. పేరులోనే ఉద్యానం ఉంది. అక్కడ మూత్రపిండాలు చప్పుడు లేకుండా మెల్లమెల్లగా చెడిపోయే జబ్బు దశాబ్దాలుగా ఉంది. షుగరూ, బి.పి. లేనివాళ్ళకూ వస్తుంది. నీళ్ళవల్లనా, నేలవల్లనా, ఎండలో చేసే పనివల్లనా, వాడే మందులవల్లనా, పుట్టుకతో వచ్చే గుణంవల్లనా అని ఎందరో పరిశోధించారు గాని, కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అంతకు చాలాముందే మా బాచ్ మేట్ ఒకాయన సొంతూరు వదలకుండా ఆ ప్రాంతంలో ప్రాక్టీసు పెట్టుకున్నాడు. ఏటా సంక్రాంతి వెళ్ళాక నాలుగూళ్ళ వాళ్ళను పిలిచి రక్తపరీక్షల శిబిరం పెడతాడు. సెలవు దొరికిన ఏడు మేమూ వెళ్తాం.

శిబిరం లెక్కలన్నీ పొడుగాటి నోటుపుస్తకాల్లో ఉండేవి. పేరు, ఊరు, వయసు, బి.పి., క్రియాటినిన్. ఏడాదికొక పుస్తకం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లతోపాటు మావాడి క్లినిక్ రేకులు కూడా లేచిపోయాయి. ఆ నోటుపుస్తకాల్లో రెండు తడిసి, అంటుకుపోయిన కాగితాల్ని పొయ్యి దగ్గర ఆరబెట్టి విడదీశారు.

వైద్యులు కానివారికి ఒక్క మాట. క్రియాటినిన్ ఇవాళ 1.3 ఉన్నదంటే ఆ ఒక్క అంకెకు పెద్ద అర్థం లేదు. ముందటేడు 0.8, నిరుడు 1.0, ఈ ఏడు 1.3 అయితే గుండె ఝల్లుమనాలి. మూడేళ్ళూ 1.3 అయితే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. అంటే మనిషిని చూడడం కాదు, మనిషి వెనకనున్న వరుసను చూడాలి. ఆ వరుస మూడు వేర్వేరు నోటుపుస్తకాల్లో, మూడు వేర్వేరు పేజీల్లో ఉంటే, రెండు వందలమంది బయట కూర్చుని ఉన్నప్పుడు వెతికేదెవరు? ఈలోగా ఒకరిద్దరు మందులకు అందని స్థితిలో విశాఖపట్నం డయాలిసిస్ కు వెళ్ళారు. వాళ్ళ అంకెలన్నీ మా పుస్తకాల్లోనే ఉన్నాయి. ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు, చూసే వీలూ లేదు.

ఎక్సెల్లో వేసుకోవచ్చు గదా అని మీరంటారు. వేశాడు మావాడు. ఎక్సెల్ మంచి పనిముట్టే. కాని అందులో ఒక్క నిలువు వరుసను మాత్రమే ఎంచుకుని అక్షరక్రమంలో సర్దితే పేర్లు కదిలిపోయి, అంకెలు ఉన్నచోటే ఉండిపోయే ప్రమాదం ఉంది. మేము పనిచేసిన ఒక ఆసుపత్రిలో సరిగ్గా ఇదే జరిగి, ఒకరి రక్తపరీక్ష మరొకరి పేరు పక్కన చేరితే ఒక సిస్టరమ్మ కనిపెట్టి ఆపింది. పెద్దవాళ్ళూ దీనికి అతీతులు కారు. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు ఇంగ్లండులో 15,841 మంది కోవిడ్ రోగుల లెక్క జాతీయ జాబితాలో చేరకుండా పోయింది. పాతరకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవనే సంగతి దీని వెనకనున్నదని అప్పుడు పత్రికలన్నీ రాశాయి. ఆ వారం మేము కోవిడ్ వార్డులో ఉన్నాం. ఆ వార్త చదివిన రోజునే డేటాబేసు అనే మాట మా ఇంట్లో మొదటిసారి వినబడింది.

ఇక పుస్తకాలు.

మెడికల్ కాలేజీలో చదివినవాళ్ళకు పుస్తకాల జాతులు బాగా తెలుసు. గ్రే అనాటమీ ఉంటుంది; 1858 నుంచి వస్తోంది, మనిషి ఎముకలు మారవు గనుక పాతదైనా పనికొస్తుంది, కాని అటక మీదే ఉంటుంది. చౌరాసియా ఉంటుంది, చేతిలో నలిగేది అదే, పరీక్ష గట్టెక్కించేది అదే. ఇక్కడి మందుల పుస్తకం బి.ఎన్.ఎఫ్. ఉంటుంది; ఆర్నెల్లకొకసారి కొత్త అచ్చు వస్తుంది, రెండేళ్ళనాటిది చేతిలో పట్టుకుని మందు రాస్తే ప్రమాదం. కంప్యూటరు పుస్తకాలు కూడా సరిగ్గా ఈ మూడు జాతులే. ఒక పుస్తకం చేతికి రాగానే ఇది ఏ జాతిదో తేల్చుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

డేటాబేసుల్లో గ్రే వంటిది సి. జె. డేట్ రాసిన పుస్తకం. మొదటి అచ్చు 1975, ఎనిమిదవది 2003. దీనికి మూలపురుషుడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండులోనే డార్సెట్ లో పుట్టి, యుద్ధంలో విమానాలు నడిపి, తరువాత అమెరికా వెళ్ళి ఐ.బి.ఎం.లో చేరి, 1970లో ఒక వ్యాసం రాశాడు. సమాచారాన్నంతా పట్టికలుగా పెట్టుకోవాలి, ఒక పట్టికను మరొకదానితో విలువల ద్వారానే కలుపుకోవాలి, లోపల యంత్రం దాన్నెక్కడ దాచుకున్నదో వాడేవాడికి అక్కరలేదు, ఇదీ అందులోని సారం. ఆ ఊహ మీదనే 1974లో చేంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు సీక్వెల్ అనే భాష తయారుచేశారు. అదే నేటి ఎస్.క్యూ.ఎల్. యాభై ఏళ్ళు దాటినా ఎముకల్లాగే ఉన్నాయి ఇవి. కాబట్టి డేట్ పుస్తకం పాతబడదు. కాని మొదట అదే కొనకండి. మేము చదివిన రాత్రులు మాకు బాగా నిద్రపట్టింది.

మన దేశంలో బి.టెక్. పిల్లల చేతుల్లో కనిపించేది సిల్బర్ షాట్జ్, కోర్త్, సుదర్శన్ ల పుస్తకం. పడవబొమ్మ అట్ట గలది. మూడవ రచయిత సుదర్శన్ గారు బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు. పాత ముద్రణల్లో బాంకు ఖాతాలు, కొత్త వాటిలో విశ్వవిద్యాలయం ఉదాహరణగా సాగుతుంది. సగం పుస్తకం డేటాబేసును వాడేవారికి, మిగతా సగం డేటాబేసును తయారుచేసేవారికి. మన అమ్మాయిలు ఉద్యోగ పరీక్షలకు వెళ్ళాలనుకుంటే ఇది కొని, మొదటి సగం శ్రద్ధగా చదివితే చాలు. లెక్కలు చేయకుండా చదివితే మాత్రం దండగ.

మాకు కళ్ళు తెరిపించింది ఇవేవీ కావు. మైకేల్ హెర్నాండెజ్ అనే ఆయన మామూలు మనుషులకోసమని రాసిన డేటాబేస్ డిజైన్ ఫర్ మియర్ మార్టల్స్. ఆశ్చర్యమేమంటే అందులో కంప్యూటరు భాష దాదాపు లేదు. కంప్యూటరు ముందు కూర్చోకముందే ఆ పని చేసే మనుషులతో కూర్చుని మాట్లాడండి, వాళ్ళు వాడే కాగితాలు అడిగి చూడండి, ఏ మాటను ఏ అర్థంలో వాడుతున్నారో కనుక్కోండి అని వందల పేజీలు చెబుతాడు. ఇది మాకు బాగా తెలిసిన విద్య. రోగి చెప్పేది వినకుండా స్కాను రాసే డాక్టరును మా ప్రొఫెసర్లు వార్డులోంచి బయటికి పంపేవారు.

ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకునే మావాడికి ఫోను చేశాం. "ఏమర్రా, అర్ధరాత్రి నోటుపుస్తకం చదివి వినిపించమంటారేమిటి!" అని విసుక్కుంటూనే చదివాడు. వినగా వినగా మాకు తెలిసిన సంగతులు ఇవి. ఒకే ఊళ్ళో అప్పలమ్మలు ఏడుగురు. ఇంటిపేరు కలిపినా ఇద్దరు మిగిలారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పటికి లక్ష్మి అనే పేరు మూడు రకాలుగా ఉంది. అంటే పేరును మనిషికి గుర్తుగా వాడడానికి వీల్లేదు. ఫోను నంబరు వాడదామా అంటే ఇంటిల్లిపాదికీ చెన్నైలో ఉన్న కొడుకు నంబరు ఒకటే. ఆధార్ సంఖ్య అడగవచ్చు, కాని ఒక చిన్న శిబిరం అంత విలువైన సంఖ్యను దాచిపెట్టుకోవడం మాకు నచ్చలేదు. చివరకు శిబిరమే ఒక సంఖ్య ఇచ్చి, అట్టముక్క మీద రాసి చేతికివ్వాలని తేలింది. దీన్నే పుస్తకాల్లో ప్రైమరీ కీ అంటారు. అదేదో బ్రహ్మవిద్య అన్నట్టు కొన్ని పుస్తకాలు పదిహేను పేజీలు రాస్తాయి గాని, ఏడుగురు అప్పలమ్మలను చూసినవాళ్ళకు పదిహేను మాటలు చాలు.

వయసు సంగతి ఇంకా విచిత్రం. "వయసెంతమ్మా?" అంటే "అరవై ఉంటాయి బాబూ" అంటుంది ఒక అవ్వ. నిరుడూ అరవయ్యే, ముందటేడూ అరవయ్యే. ఏ ఏటికాయేడు మారేదాన్ని దాచుకోకూడదు, పుట్టిన సంవత్సరం దాచుకోవాలి, వయసు అవసరమైనప్పుడు లెక్కకట్టుకోవాలి అని పుస్తకాలు చెప్పేది ఇందుకే. పుట్టిన ఏడు తెలియకపోతే, పెళ్ళినాటికి ఏ తుపాను వచ్చిందో, పెద్దకొడుకు ఏ ఎన్నికలప్పుడు పుట్టాడో అడిగి అంచనా వేసుకోవాలి. ఇది అంచనా అని చెప్పే గడి ఒకటి పక్కన ఉండాలి. ఇది ఏ పుస్తకంలోనూ కనబడలేదు మాకు.

మనుషులకొక పట్టిక, వాళ్ళు వచ్చిన ప్రతిసారికీ ఒక వరుస చొప్పున ఇంకొక పట్టిక. అంతే. నోటుపుస్తకాలు తడిసినా, శిబిరాలు పదిహేనైనా ఈ రెండు పట్టికలే. ఈ ఒక్క విభజన అర్థమైనవారికి డేటాబేసుల్లో ముప్పాతిక వచ్చినట్లే.

భాష నేర్చుకోవడానికి బెన్ ఫోర్టా చిన్న పుస్తకం సరిపోతుంది. పది నిమిషాల్లో నేర్చుకోండి అని పేరు గాని, అది ఒక్కొక్క పాఠానికి, అంత ఆశపడకండి. ఎక్కడ దొరికినా కొనవచ్చు, పేజీలు తక్కువ, సొల్లు లేదు. దీని తరువాత బిల్ కార్విన్ రాసిన ఎస్.క్యూ.ఎల్. యాంటీపాటర్న్స్ చదవండి. చేయకూడని పనుల పుస్తకం అది. ఒకే గడిలో కామాలు పెట్టి నాలుగు మందుల పేర్లు రాయడం దగ్గర మొదలవుతుంది. మన కేస్ షీట్లన్నీ అలాగే ఉంటాయి గదా!

అంగట్లో నిలబడి ఒక డేటాబేసు పుస్తకాన్ని పరీక్షించడానికి మా దగ్గర ఒక ఉపాయముంది. వెనక సూచికలో నల్ అనే మాట వెతకండి. నల్ అంటే విలువ తెలియదు అని. సున్నా కాదు. పరీక్ష చేయని క్రియాటినిన్ ను సున్నా అని రాస్తే ఆ మనిషికి అసలు జబ్బే లేనట్టు కనబడుతుంది, సగటు కూడా కిందికి జారిపోతుంది. నల్ అని ఉంచితే సగటు కట్టేటప్పుడు భాషే దాన్ని వదిలిపెడుతుంది. కాని క్రియాటినిన్ 1.5 కన్న ఎక్కువా అని అడిగితే నల్ ఉన్న మనిషి అవును జాబితాలోనూ రాడు, కాదు జాబితాలోనూ రాడు. మధ్యలో మాయమవుతాడు. వైద్యంలో అటువంటి మనిషే అన్నిటికన్నా ముఖ్యం. ఈ నల్ మీద కాడ్ కు, డేట్ కు పెద్ద వాదమే నడిచింది. అసలుండకూడదంటాడు డేట్, ఒకటి కాదు రెండు రకాలుండాలన్నాడు కాడ్, తెలియనిది వేరు, వర్తించనిది వేరు అని. మగరోగికి గర్భపరీక్ష గడి ఖాళీగా ఉండడానికీ, ఆడరోగికి ఖాళీగా ఉండడానికీ తేడా తెలిసిన డాక్టర్లు కాడ్ పక్షం వహిస్తారని మా నమ్మకం. ఏమైనా, నల్ కు రెండు పేజీలైనా ఇవ్వని పుస్తకాన్ని మళ్ళీ అరలో పెట్టేయండి.

ఇంకొక గొడవ కొలతలది. ఇక్కడ క్రియాటినిన్ మైక్రోమోళ్ళలో, అక్కడ మిల్లీగ్రాముల్లో. అక్కడి 1.2 ఇక్కడ 106. మేము శిబిరానికి వెళ్ళిన ఏడు మా నాలుక మీద ఇక్కడి అంకెలే ఆడుతూంటాయి. అందుకని ఈ గడిలో 0.2కు తక్కువా 30కి ఎక్కువా ఏ అంకె వేసినా తీసుకోవద్దు అని పట్టికకే ఆజ్ఞ ఇచ్చి ఉంచాం. దీన్ని చెక్ నిబంధన అంటారు. మై ఎస్.క్యూ.ఎల్. అనే డేటాబేసు 2019లో 8.0.16 వచ్చేదాకా ఈ ఆజ్ఞను వినయంగా రాసుకుని, అమలు మాత్రం చేసేది కాదు. పాత పుస్తకాన్నీ, పాత యంత్రాన్నీ జతకట్టి నేర్చుకునేవారు గమనించాలి.

మై ఎస్.క్యూ.ఎల్. అన్నాం గనుక చిన్న పిట్టకథ. 1995లో దాన్ని తయారుచేసినవారిలో ఒకడైన విడేనియస్ తన కూతురు మై పేరు దానికి పెట్టాడు. తరువాత అది చేతులు మారితే, దాని నుంచి విడదీసి 2009లో మరొకటి మొదలుపెట్టి, దానికి రెండో కూతురు మరియా పేరు పెట్టాడు. మేము వాడేది మరియానే.

ఇక వెబ్ ప్రోగ్రామింగు. ఇది మూడో జాతి, బి.ఎన్.ఎఫ్. జాతి. ఇక్కడ రచయిత పేరు కన్న ముందు, లోపలి పేజీలో అచ్చయిన సంవత్సరం చూడాలి. టిమ్ బర్నర్స్ లీ 1989లో ప్రతిపాదించిన వెబ్ మూలసూత్రాలు అలాగే ఉన్నాయి గాని, పైపై పనులన్నీ మారిపోయాయి. జాన్ డకెట్ హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్. పుస్తకం 2011లో వచ్చింది. అంత అందంగా అచ్చువేసిన కంప్యూటరు పుస్తకం మేము చూడలేదు. పిల్లలకు ఇప్పటికీ అదే ఇవ్వవచ్చు. కాని పేజీలో వరుసలు సర్దే అధ్యాయం మాత్రం వదిలేయాలి. అందులో చెప్పిన ఫ్లోట్ పద్ధతి స్థానంలో ఫ్లెక్స్ బాక్సు, 2017 నుంచి గ్రిడ్ వచ్చాయి.

మాకు వెబ్ ఎందుకు కావలసివచ్చిందంటే, అంకెలు వేయవలసినవాడు కవిటి దగ్గర, పట్టిక చూడవలసినవాళ్ళం ఇక్కడ. ఫోనులో ఒక పేజీ తెరిచి, సంఖ్య కొట్టి, ఆనాటి అంకెలు వేస్తే చాలు. దానికి పి.హెచ్.పి. అనే భాష ఎంచుకున్నాం. పాతకాలపు భాష అని ఇంజనీర్లు ముక్కు విరుస్తారు గాని, అతి తక్కువ అద్దెకు దొరికే యంత్రాల మీద కూడా నడుస్తుంది. రాబిన్ నిక్సన్ పుస్తకం మొదట కొన్నాం. 2009 నుంచి చాలాసార్లు తిరగరాశారు, కొత్త అచ్చే కొనాలి. ఎందుకంటే డేటాబేసుతో మాట్లాడడానికి పాత పుస్తకాల్లో నేర్పిన పిలుపులను 2015 డిసెంబరులో వచ్చిన పి.హెచ్.పి. 7 పూర్తిగా తీసివేసింది. సెకండు హాండు దుకాణాల్లో రెండు పౌండ్లకు దొరికే లావుపాటి పుస్తకాలన్నీ ఆ కాలంవే. చవక గదా అని తెచ్చుకుంటే మొదటి పాఠమే నడవదు, తప్పు తనదేమో అనుకుని నేర్చుకునేవాడు నిరాశపడతాడు. డకెట్ గారిదే పి.హెచ్.పి., మై ఎస్.క్యూ.ఎల్. పుస్తకం 2022లో వచ్చింది. రెండూ పక్కపక్కన పెడితే మా ఓటు దీనికే.

వెబ్ పుస్తకానికి మా పరీక్ష ఇది. ఫారంలో మనిషి కొట్టిన పేరును డేటాబేసుకు ఎలా పంపమంటున్నాడో ఆ పేజీ తీయండి. కొట్టిన అక్షరాలను నేరుగా ఆజ్ఞలో అతికించమంటే ఆ పుస్తకం వద్దు. ఇక్కడి మన పక్కింటాయన ఓ'బ్రయన్ తన పేరు కొడితే మధ్యనున్న ఆ చిన్న కొమ్ము ఆజ్ఞను రెండుగా విరగ్గొడుతుంది. ఓ'బ్రయన్ కు దురుద్దేశం లేదు. ఉన్నవాడెవడైనా ఆ కొమ్ము తరువాత పట్టిక మొత్తం చెరిపేయమనే మాట కూడా రాయగలడు. ఆజ్ఞ వేరుగా, విలువ వేరుగా పంపే పద్ధతిని మొదటినుంచే నేర్పే పుస్తకం మంచిది. చివరి అధ్యాయంలో భద్రత అనే పేరుతో నేర్పే పుస్తకం మంచిది కాదు. చేతులు కడుక్కోవడం ఆపరేషను అయ్యాక నేర్పరు గదా.

తెలుగు లిపి సంగతి ఏ పుస్తకమూ చెప్పదు గనుక మేము చెప్పాలి. యూనికోడులో మన అక్షరాలకు 1991 నుంచి చోటుంది. యు.టి.ఎఫ్. 8 పద్ధతిలో ఒక్కొక్క అక్షరచిహ్నం మూడు బైట్లు తీసుకుంటుంది. అంటే 'క్ష్మి' అనేది మనకు ఒక్క అక్షరమైనా యంత్రానికి ఆరు చిహ్నాలు, పద్ధెనిమిది బైట్లు. పాత మై ఎస్.క్యూ.ఎల్.లో ఏమీ చెప్పకపోతే లాటిన్ లిపినే ఎంచుకునేది, అందులో తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. 2018లో వచ్చిన 8వ అచ్చునుంచి ఆ బాధ తగ్గింది. ఏ యంత్రమైనా సరే, ముందు నాలుగు కల్పిత పేర్లు తెలుగులో వేసి, తీసి చూసుకోండి. మేమైతే ఏడాదిపాటు కల్పిత రోగులతోనే నేర్చుకున్నాం. మా పట్టికల్లో మొదటి రోగులంతా మాయాబజారు పాత్రలే. ఘటోత్కచుడి బి.పి. ఎప్పుడూ ఎక్కువే.

అసలు రోగులు వచ్చాక కూడా పేర్లను యంత్రంలో పెట్టలేదు. సంఖ్య, పుట్టిన ఏడు, అంకెలు మాత్రమే. ఏ సంఖ్య ఎవరిదో మావాడి బీరువాలోని పుస్తకం చెబుతుంది. ఇక్కడ 2018 నాటి సమాచార రక్షణ చట్టం, అక్కడ 2023లో చేసిన చట్టం ఉన్నాయి నిజమే గాని, అవి లేకపోయినా ఒకరి జబ్బును వాళ్ళ పేరుతో సహా సముద్రం దాటించడం మాకు ఇష్టం లేదు.

ఈ రోజుల్లో యంత్రాన్నే అడిగితే ప్రోగ్రాము రాసిస్తుంది, పుస్తకమెందుకు అనే ప్రశ్న ఉండనే ఉంది. మేమూ అడిగాం. నిరుడు, ఈ ఏడు క్రియాటినిన్ లు పక్కపక్కన చూపించే ఆజ్ఞ రాయమంటే చక్కగా రాసిచ్చింది, తప్పు ఒక్కటీ లేదు. కాని అది రెండేళ్ళూ వచ్చినవాళ్ళనే చూపించింది. నిరుడు వచ్చి, ఈ ఏడు రానివాళ్ళు అందులో లేరు. మేమడిగిన మాటకు అది సరైన జవాబే. మాకు కావలసింది ఆ రానివాళ్ళే. ఫోర్టా పుస్తకంలో జాయిన్ ల అధ్యాయం చదివి ఉన్నాం గనుక అడగవలసినది లెఫ్ట్ జాయిన్ అని తట్టింది. ఎడమ పట్టికలోని వారందరినీ ఉంచి, కుడివైపు జత దొరకనిచోట నల్ పెట్టే జాయిన్ అది. ఆ నల్ ఉన్నవాళ్ళను మాత్రం తీయమంటే రానివాళ్ళ జాబితా వస్తుంది. మూడు వరుసల ఆజ్ఞ.

మొన్నటి శిబిరం అయిన వారానికి ఆ మూడు వరుసలు నడిపాం. 61 సంఖ్యలు వచ్చాయి. వాటిలో నిరుడే క్రియాటినిన్ పెరుగుతున్న వాళ్ళను పైకి తెచ్చి మావాడికి పంపాం. అతను బీరువా తీసి, పేర్లు రాసుకుని, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని స్కూటరు మీద తిరిగాడు. సగానికి పైగా పనికోసం చెన్నైకో హైదరాబాదుకో వెళ్ళినవాళ్ళు. కొందరు బాగానే ఉన్నాం గదా అని రాలేదు. తొమ్మిదిమంది పోయారు. వాళ్ళ వరుసలు చెరిపేయాలా అని మావాడు అడిగితే వద్దన్నాం. పోయిన తేదీకి ఒక గడి చేర్చాం. జీడిపిక్కల షెడ్డులో పనిచేసే ఒక అవ్వ, నిరుటి అంకె 2.1, వాకిట్లో స్కూటరు ఆగగానే "నేను రాలేదని నీకెవరు చెప్పారు నాయనా?" అని అడిగిందట. అరవై ఏళ్ళ అవ్వే. వెంటబెట్టుకెళ్ళి మళ్ళీ పరీక్ష చేయించాడు. 2.8 వచ్చింది. నొప్పులకు అంగట్లో కొని మింగుతున్న బిళ్ళలు ఆపించి, బి.పి. మందు మార్చి, పలాస ఆసుపత్రికి కార్డు రాయించాడు. రెండు నెలలకొకసారి వెళ్తోంది. మొన్నటి అంకె 2.6.

మార్టిన్ క్లెప్ మన్ 2017 నాటి పుస్తకం గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. గొప్ప పుస్తకం, ఉద్యోగంలో నాలుగేళ్ళు నలిగాక చదవవలసింది. కొత్తవాళ్ళు ముట్టుకోనక్కరలేదు. జావాస్క్రిప్టుకు హావర్ బేకే రాసిన ఎలొక్వెంట్ జావాస్క్రిప్ట్ రచయితే ఉచితంగా ఇంటర్నెట్లో పెట్టాడు, కొనకముందు అక్కడ చూసుకోండి. కౌంటీ లైబ్రరీలో లేని పుస్తకాన్ని అడిగితే వేరే ఊరి లైబ్రరీనుంచి తెప్పిస్తారు, ఆ సదుపాయాన్ని మనవాళ్ళు తగినంత వాడుకోవడం లేదు.

పైన చెప్పిన పుస్తకాలన్నీ మా ఇంట్లో ఉన్నాయి. కావలసినవారు శనివారం ఫోను చేసి వస్తే ఇస్తాం, రెండు నెలల్లో తిరిగి ఇస్తే చాలు. పేజీల అంచుల్లో పెన్సిలు రాతలు మావే, చెరపవద్దు. డేట్ పుస్తకం ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది. హెర్నాండెజ్ మాత్రం ఇప్పుడు బయట ఉంది, వెనక ముగ్గురు వరుసలో ఉన్నారు.